తుపాకి నింపినవాని భాగ మెంత?

హింసను స్వయముగ జేయుట, ఇతరులచే జేయించుట, చేయుచుండగా నామోదించుట అని యోగసూత్రములయందు పతంజలి మూడు తెగలుగా విభజించి, ఈ మూడింటికిని దుఃఖమే ఫలమని చెప్పియున్నాడు. మనుస్మృతి యింకను ముందునకు బోయినది. మాంసమునకై జంతువును జంపుట కొప్పుకొన్నవాడు మొదలుకొని కోసినవాడు, అమ్మినవాడు, కొన్నవాడు, వండినవాడు, వడ్డించినవాడు, తిన్నవాడు వఱకును అందఱిని హంతకులలోనే చేర్చినది. ఇంత సూక్ష్మముగ గణించిన యీ పట్టికలలో ఒక్కడు మాత్రము స్పష్టముగ గానరాడు. అతడు చంపడు, చంపుమని చెప్పడు, చంపినందుకు మెచ్చుకొన నక్కఱలేదు, చచ్చినదానిని దినవలెనను నియమము లేదు. చంపువాని చేతి కాయుధమును సిద్ధపఱచి యందించును, అంతియే. అట్టివాని భాగ మెంత యని మే మిచ్చట విచారింప దలచితిమి.

ఇది తర్కాభ్యాసమునకై కల్పించుకొన్న ప్రశ్న కాదు. ఇంగ్లండునందును స్కాట్లండునందును ఈ పనిని జేయువారు నేటికిని గలరు. వారిని లోడరు లందురు. వేట యన్నంతనే మనము వేటకాడు అడవిలో మృగమును వెదకుచు దిరుగుటను దలంతుము. అచ్చటి ధనికుల పక్షివేట యట్టిది కాదు. అందు వేటకాడు నిలిచినచోటినుండి కదలడు. పక్షులే యతనిమీదికి దోలబడును. బయలులో వరుసగా గుఱుతుకఱ్ఱలు నాటి, ఏ కఱ్ఱయొద్ద నెవ్వరు నిలువవలెనో చీట్లు తీసి నిర్ణయింతురు. సాధారణముగ ఎనమండుగురో తొమ్మండుగురో అట్లు నిలుతురు. ఆవలనుండి పల్లెవాండ్రు కఱ్ఱలతో పొదలను గొట్టుచు బారుతీరి వత్తురు. ఫెజెంటు పక్షులు లేచి, చెట్ల కొనలను దాటి, నిలిచినవారి తలలమీదుగా బోవును. అప్పుడు కాల్పులు. తోలెడువారు దగ్గఱకు రాగానే కొమ్ముబూర మ్రోగును. అంతటితో ముందువైపునకు గాల్చుట నిలిపివేయవలెను. పడినవానిని కుక్కలు వెదకి తెచ్చును. గ్రౌసు పక్షుల వేటకాలము ఆగస్టు 12వ తేదీని, కౌజులది సెప్టెంబరు 1వ తేదీని, ఫెజెంట్లది అక్టోబరు 1వ తేదీని ఆరంభమగును. ఆ దేశపు వాడుకలో కాల్చువానిని గూడ ‘గన్’ అనియే పిలుతురు; ఎనిమిది గన్నులు వచ్చిన వనగా ఎనమండుగురు దొరలు వచ్చిరని యర్థము. ఆయుధమునకును మనుష్యునికిని పేరొక్కటే యగుట యాదృచ్ఛికమే కావచ్చును గాని, మాకది చాల నిజమైన మాటగా దోచినది.

దొర చేత నొక జోడుగొట్టముల తుపాకి, లోడరు చేత దానికి జతయైన మఱియొకటి యుండును. జత యనగా బరువునందును నిడివియందును భుజమున కానుటయందును భేదము తెలియరానట్లు ఒకే కార్ఖానాలో జేయింపబడినది. ఏది యేదియో తెలియుటకు 1, 2 అను అంకెలను జెక్కుదురు. దొర రెండు తూటాలను గాల్చి ఖాళీ తుపాకిని కుడిచేత వెనుక కిచ్చును. లోడరు దానిని ఎడమచేత నందుకొని, అదే క్షణమున నిండు తుపాకిని తన కుడిచేతినుండి దొర యెడమచేతిలో నుంచును. దొర కన్నులు ఆకాశమునుండి దిగనక్కఱలేదు. పిమ్మట లోడరు ఖాళీ తుపాకిని మడచి తెఱచును. కాలిన తూటాల గుల్లలు ఎగిరి యావల బడును. వ్రేళ్ల సందున ముందే పట్టియుంచుకొన్న రెండు తూటాలను జొనిపి, గొట్టములను నేలవైపుననే యుంచి, మడమను బైకెత్తి మూసి, కాల్పును నిరోధించు మీట తన స్థానమున నున్నదని చూచుకొని, మరల సిద్ధముగ నిలుచును. ఇంతలో ఎన్ని పడినవో, ఎచ్చట బడినవో, ఏది గాయముతో నెగిరిపోయినదో లెక్క యుంచుకొనును. ఇది తేలిక విద్య కాదు. వేటకు ముందు ఇంటియొద్ద వట్టి తూటాలతో సాధన చేయనిచో మంచి తుపాకులు ఒకదాని కొకటి తగిలి సొట్టపడును; అంతకంటె నపాయము, గొట్టము మనుష్యునివైపు తిరుగును.

ఈ విద్య యేల పుట్టెనో గమనింపవలెను. పూర్వము తుపాకిని మూతినుండి నింపెడివారు. మందు పోయవలెను, కడ్డీతో గూరవలెను, సీసపు రవ్వలు పోసి మరల గూరవలెను, పేలుడు టోపీ తొడుగవలెను. అంతవఱకు పక్షి యాగదు. గుఱి తప్పినవాడు కొంతసేపు చేతులు కట్టుకొనినట్లే నిలువవలసి వచ్చెడిది. ఫ్రాన్సు దేశమున 1830 తరువాతి దశాబ్దములో రూపొందిన వెనుకనుండి నింపు తుపాకి 1851లో లండను మహాప్రదర్శనమున ఇంగ్లీషువారి కంటబడినది. మఱి యిరువదియేండ్లలో అది పాతవానిని వెనుకకు నెట్టివైచినది. తూటా జొనుపుటకు బట్టు నాలుగైదు క్షణములు మాత్రము మిగిలినవి. ఆ మిగిలినవానిని గూడ దీసివేయుటకే రెండవ తుపాకియు, దాని నందించు మనుష్యుడును. కాల్చుటకును మరల గాల్చుటకును నడుమనుండు విరామమును రూపుమాపుటయే లోడరు చేయు సమస్తకార్యము.

విరామ మొక చిన్నవస్తువు కాదు. కోపముతో చేయెత్తినవాడు చేయి దించు నంతలో బుద్ధి తెచ్చుకొనుట మన మెఱిగినదే. అప్పుపత్రముమీద వ్రాలు చేయువాడు కలము సిరాలో ముంచునంతలో ఆలోచించుకొనుట న్యాయవాదులమైన మేము పలుమాఱు చూచితిమి. చంపువానికి గూడ ఆయుధమే అట్టి యవకాశము నిచ్చుచుండెను. ఖాళీ తుపాకి ‘ఇంతటితో జాలునా?’ యని యడిగెడిది. లోడరు నిలిచినచోట ఆ ప్రశ్న పుట్టుటకే తావు లేదు. చేయి చాపునప్పటికి నిండు తుపాకి చేతిలో బడుచున్నది.

ఈ విద్య యెంతవఱకు బోయినదో తెలుపుటకు ఒక్క యుదాహరణము చాలును. అది మనవారికి బొత్తిగా సంబంధము లేనిదియు గాదు. 1880 మొదలు 1884 వఱకు మనదేశమునకు వైస్రాయిగా నుండి, దేశభాషాపత్రికల నోరు కట్టిన చట్టమును రద్దుచేసి, స్థానిక స్వపరిపాలనమును బ్రోత్సహించిన రిప్పన్ ప్రభువును తెలుగు పెద్దలు మిక్కిలి గౌరవించిరి. చెన్నపట్టణపు నగరపాలక సంస్థవారి తెల్లని భవనము నేటికిని ఆయన పేరనే యున్నది. ఆయన కుమారుడు 1909లో తండ్రి బిరుదమునకు వచ్చినవాడు. తన కాలపు తుపాకిగాండ్రలో మేటి యని పేరొందెను. అతనికి ఒక లోడరు చాలకపోయెను. మూడు తుపాకులు, ఇద్దఱు లోడరులు వెంట నుండెడివారు. రాత్రివేళ ఇంటిలో వారిని నిలువబెట్టుకొని తుపాకులు మార్చు సాధన చేసెడివాడని చెప్పుదురు. సాండ్రింగుహాము ఎస్టేటులో నొకనాడు ఒక్క నిముసములో 28 ఫెజెంట్లను గూల్చినాడట. తూటాకొక పక్షి చొప్పున లెక్కించినను, ఆ నిముసములో పదునాలుగు నిండు తుపాకులు అతని చేతిలో బడియుండవలెను. అనగా నాలుగు క్షణముల కొకటి. 1867 మొదలు 1923 వఱకు అతడు జంపిన జీవుల మొత్తము 5,56,813 అని లెక్క. ఏటికి 9,700కు పైగా. 1923 సెప్టెంబరు 22వ తేదీని ఉదయము గ్రౌసు పక్షులను వేటాడి, ఆ వేటభూమిమీదనే కూలి మరణించెను. తండ్రి పేర నగరపాలక భవనమును, కుమారుని పేర నీ యంకెయు మిగిలినవి. ఆ యంకెను ఒక్కచేతితో సాధింప వీలులేదు. అందులో లోడరుల చేతి పని యెంత యని యడిగినచో, వారు లేనిదే ఆ యంకె యుండదని చెప్పుట తప్ప వేఱు మార్గము లేదు.

1913 డిసెంబరు 18వ తేదీని బకింగుహాము మండలములోని హాల్ బారన్ ఎస్టేటులో జరిగిన వేటలో ఏడుగురు దొరలు ఒక్క పగటిలో 3,937 ఫెజెంట్లను గూల్చిరి. ఆ యేడుగురిలో ఐదవ జార్జి చక్రవర్తియు నుండెను. నాడు ఇంటికి మరలునప్పుడు రాజు, మనము నేడు కొంత మితిమీఱితిమేమో యను నర్థము వచ్చు మాటను తన కుమారునితో ననెనట. ఆ కుమారుడే 1951లో ప్రకటించిన స్వీయచరిత్రములో దీనిని వ్రాసినాడు. ఆ మాట యెప్పుడు వచ్చినదో చూడుడు. తుపాకులు చేతినుండి దిగి, లోడరులు వెడలిపోయి, దారిలో తీరిక చిక్కిన తరువాత వచ్చినది. ఉదయమునుండి దక్కని విరామము సాయంకాలమునకు దక్కినది. అప్పటికి పక్షులు లెక్కకు బరచబడియుండెను.

ఇక చట్టమేమి చెప్పుచున్నదో చూతము. 1968 నాటి బ్రిటిషు ఆయుధచట్టము 11వ సెక్షనులో, అనుమతిపత్రము గలవాని తుపాకిని, అతని యాజ్ఞానుసారము, అతని యుపయోగమునకై, వేటకొఱకు మాత్రము పట్టుకొన్నవానికి వేఱు అనుమతిపత్ర మక్కఱలేదని యున్నది. అనగా ఆ చట్టము దృష్టిలో లోడరు చేయి దొర చేతికి పొడిగింపు. మన దేశపు చట్ట మిందుకు విరుద్ధమైన త్రోవను బోయినది. 1860 నాటి శిక్షాస్మృతిలోని 107వ సెక్షనును, దాని స్థానమున 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలోని 45వ సెక్షనును, నేరము జరుగుటకు ముందుగాని జరుగునప్పుడుగాని ఆ పనిని సులభము చేయుటకై యేమైన జేసి, అందువలన సులభము చేసినవాడు సహాయము చేసినవాడే యనుచున్నవి. పతంజలి పట్టికలో మాకు గానరాని నాలుగవవాడు మెకాలే వ్రాసిన స్మృతిలో దొరకినాడు! కాని యీ సెక్షనులు అసలు పని నేరమైనప్పుడే వర్తించును. ఇంగ్లండులో ఫెజెంటును గాలమందు గాల్చుట నేరము కాదు. కావున న్యాయస్థానము లోడరును బిలువదు. న్యాయస్థానము పిలువనంతమాత్రమున ప్రశ్న తీఱినదని తలంచుట మా వృత్తివారికి గల యొక జాడ్యము.

ఇంకొక జాడ్యము గూడ గలదు. ఆస్తి విభాగపు దావాలలో భాగస్థులు పెరిగినకొలది ఒక్కొక్కని వంతు తఱుగును. ఈ లెక్కను మనము తెలియకయే పాపపుణ్యములకు గూడ వర్తింపజేయుదుము. దొర యొకడు, లోడ రొకడు, తోలెడువారు ముప్పదిమంది, కుక్కల నడుపువారు నలుగురు, పక్షులను బెంచినవాడొకడు. ఇందఱు పంచుకొన్న తరువాత ఒక్కొక్కనికి మిగులున దెంత? ఇట్లు తలంచియే యెవ్వరికి వారు నిశ్చింతగా నుందురు. కాని కర్మ యవిభక్త కుటుంబపు పొలము కాదు. దొర భాగము లోడరువలన పిసరంతయు దఱుగదు. లోడరు భాగము దొరవలన మాసిపోదు. న్యాయస్థానములో పెద్ద ప్లీడరు వెనుక గూర్చుండి, అడిగినంతనే పుస్తకములో సరియైన పుటను దెఱచి యందించు జూనియరును మన మెఱుగుదుము. వాదము కల్లయని యెఱిగియు పుట యందించినవాడు, వాదించినది తాను కాదని తప్పించుకొన గలడా? నేర్పు హెచ్చినకొలది భాగ మింకను హెచ్చును. చేతకాని లోడరు ఎన్నో పక్షులను రక్షించును. నేర్పరి యెన్నిటినో చంపించును. తన పనివాడితనమే తన సాక్ష్యమగుట ఈ వృత్తిలోని విచిత్రము.

భారతకథలో ఇట్టి సంకట మున్నది. కురుక్షేత్రమున శ్రీకృష్ణుడు ఆయుధము పట్టనని చెప్పి రథము మాత్రము తోలెను. యుద్ధము ముగిసిన పిమ్మట గాంధారి, పాండవులను విడిచి, ఆయుధము పట్టని యాతనినే శపించెను. ఆమె వాద మొక్కటే: నీవు ఆపగలిగియు ఆపలేదు. తోలినందుకుగాక, ఆపనందుకు శపించుట గమనింపదగినది. లోడరును విచారించునప్పుడు గూడ ఈ కొలతయే సరియైనదని మాకు దోచుచున్నది. అతడేమి చేసెననుటకంటె, అతడేమి ఆపగలిగియుండెననునది ముఖ్యము.

ఈ కొలతతో జూచినచో లోడరులలో వేర్వేఱు మనుష్యులు కనబడుదురు. రిప్పన్ దొర వెనుక నిలిచినవారు వేగమునకే నిలిచిరి. కాని నేటికాలమున అనేకులు అట్లు నిలుచుటలేదు. వేటకు గ్రొత్తగా వచ్చినవానికి తోడుగా, ఒంటి తుపాకిని నింపియిచ్చుచు, కాపరియు గురువునై నిలుచువారు గలరు. తక్కువ యెత్తున వచ్చు పక్షిని గాల్చనీయరు. గాల్చినచో తోలెడువారికి దగులును. మిక్కిలి దూరముననున్నదానిని గాల్చవలదని చెప్పుదురు. గాల్చినచో చావక గాయముతో బోవును. ఎచ్చట గాయపడిన పక్షి పొదలో దూఱినదో గుర్తుంచుకొని, కుక్కలవానికి జూపి, దాని బాధ శీఘ్రముగ ముగియునట్లు చేయుదురు. కొమ్ముబూర మ్రోగినంతనే, దొర యెంతటివాడైనను, తుపాకి యందింపరు. వేట ధర్మమా యధర్మమా యను ప్రశ్నను బ్రక్కనుంచినను, ఆ వరుసలో బాధను దగ్గించు చేయి ఇదొక్కటే కావచ్చును. ఇది వారి పక్షమున జెప్పదగిన మాటలలో నుత్తమమైనది. దీనిని మేము మనఃపూర్వకముగ నంగీకరించుచున్నాము. అడవులు నిలుచుచున్నవి, పల్లెలకు కూలి దొరకుచున్నది, మాంసము వృథా పోవుటలేదు అను తక్కిన మాటలు వేటను సమర్థించునవే కాని లోడరును సమర్థించునవి కావు. ఆ పక్షులను గూడ ఏటేట కోట్లకొలది పెంచి వదలుటయే వేటకొఱకు.

అయితే ఈ యంగీకారములోనే చిక్కు గలదు. బూర మ్రోగినప్పుడు తుపాకి నాపు చేయి, ఆపగలిగిన చేయి. అది కేవలము దొర చేతికి పొడిగింపు కాదు. దానికి వేఱు బుద్ధి యున్నది, వేఱు తీర్పున్నది. తోలువాని ప్రాణమునకై నిరాకరింప నేర్చినది, వేయవ పక్షియొద్ద నిరాకరింపజాలదని యెట్లు చెప్పుదుము? చట్టము దానిని పనిముట్టనుచున్నది. వేటకాండ్రు స్వయముగ నేర్పిన క్రమశిక్షణ దానిని మనుష్యుడనుచున్నది. ఈ రెంటిలో రెండవదే నిజము.

ఇంతవఱకు చదివినవారు లోడరుపై దోషమంతయు మోపబోవుచున్నామని తలంపకుందురు గాక. అతడు తఱచుగ పొరుగు ఎస్టేటులో పక్షులను గాచువాడో, పదవి విరమించిన పనివాడో. దినభత్యమునకును, సాయంకాలము చేతిలోబెట్టు బహుమానమునకును వచ్చినవాడు. నిరాకరించినచో మఱునా డతనిని బిలువరు. కూలివానికి ధర్మము బోధించుట సులభము. బోధించువానికి ఖర్చు లేదు. ఈ వ్యాసమును జదువు మనలో తుపాకి నింపువారికంటె నింపించుకొనువారే హెచ్చుమంది. మన కోపమును వ్రాతలో బెట్టు గుమాస్తా, మన కౌలుదారుని పశువులను దోలుకొనివచ్చు బంట్రోతు, మనమడుగకముందే మనకు గావలసినదానిని మన చేతిలో నుంచు సేవకుడు, వీరందఱు మన విరామములను మ్రింగుచున్నవారే. మన మిచ్చిన జీతముతో మ్రింగుచున్నారు. నిదానించి చేయు సేవకుని మందకొడి యని తిట్టుటయు, చేయి చాపకముందే యందించువానిని మెచ్చుకొనుటయు మన యిండ్లలో నిత్యకృత్యము. లోడరు భాగమును నిర్ణయించు తక్కెడలో ఆ జీతమిచ్చినవాని బరువును గూడ వేయవలసియున్నది.

మన దేశమున ఈ విధమైన వేట ముగిసినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించుటయే కాక, వేట యను పదమును నిర్వచించుచు, చంపుటకై జంతువును దోలుటను గూడ వేటలోనే చేర్చినది. సహాయము చేసినవానిని చేసినవానితో సమానుని జేసినది. కఱ్ఱతో పొదగొట్టిన పల్లెవాడును ఈ చట్టమున వేటకాడే. ఇంగ్లీషు వాడుకలో ‘గన్’ అను పేరునకు నోచుకొననివానికి మన చట్టము ఆ పేరు నిచ్చినది. గౌరవమునకై మాత్రము కాదు.

రాజస్థానములోని భరత్‌పురమునొద్ద కేవలాదేవ్ అను చెఱువుల ప్రదేశమున, సంస్థానపు రోజులలో జరిగిన బాతుల వేటల లెక్కలు చెక్కిన రాళ్లు నేటికిని నిలిచియున్నవి. 1938 నవంబరు 12వ తేదీని వైస్రాయి లిన్‌లిత్‌గో ప్రభువు వచ్చినప్పటి లెక్క 39 తుపాకులు, 4,273 పక్షులు. తేదీకొక గడి, అతిథికొక గడి, తుపాకులకొక గడి, చచ్చినవానికొక గడి. తుపాకులు నింపినవారికి గడి లేదు. ఆ ప్రదేశ మిప్పుడు జాతీయోద్యానము. చూడవచ్చినవారిని సైకిలు రిక్షాలమీద ద్రిప్పు స్థానికులు పక్షుల పేర్లు నేర్చి, మార్గదర్శకులుగ గూడ పనిచేయుచున్నారు. చెఱువు గట్టున రిక్షా నాపి, నీటివైపు వ్రేలు చూపి, వెనుక గూర్చున్నవాడు చూచుట ముగియువఱకు త్రొక్కకుండ నిలుతురు.